నూట అరవై ఒకటో పేజీ

పోయిన వారం మన లైబ్రరీ మేడంను ఒక పుస్తకం ముందు నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆవిడ అక్కడే, అలాగే నిలబడి ఉంది పాపం. ఎడం చేతిలో పుస్తకం, కుడిచేతి వేలు నూట అరవై ఒకటో పేజీ మీద, నోరు కొద్దిగా తెరిచి. ముందు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెడదాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లైబ్రరీ వెనక గదిలో "మన ఊరి రచయితలు" అని రాసిన బీరువా ఒకటి ఉంది. అందులో నలభై మూడు పుస్తకాలు. పదకొండేళ్ళుగా వాటిని ముట్టుకున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు దుమ్ము దులిపే ఆవిడ, రెండోది చెదపురుగు. ఇద్దరిలో పురుగే కాస్త శ్రద్ధగా చదివింది. నెలాఖరులోగా మనుషులెవరూ చదవకపోతే బీరువా ఖాళీ చేసి పుస్తకాలను గోడౌనుకు పంపాలని పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

మేడం ఆ ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టి, ఒక పెద్ద అట్ట మీద ఊరి పటం గీసింది. ఏ నవలలో ఏ వీధి వస్తుందో ఎర్రసిరాతో గుర్తులు పెట్టి, పోటీ పరీక్షల గైడ్ల కోసం వచ్చే కుర్రకారు కంటపడేలా మెట్ల మలుపులో తగిలించింది. సొంత వీధి అచ్చులో ఉందంటే చూడకుండా ఎవరుండగలరు? "మా సందు ఏ పేజీలో ఉందండీ?" అంటూ ఒక్కొక్కరే వచ్చారు. సందు కోసం వచ్చినవాళ్ళు కథ కోసం ఉండిపోయారు. అలా తొమ్మిది మంది పోగయ్యారు. ఇరవై ఒకటో, ఇరవై రెండో ఏళ్ళ వాళ్ళు. ప్రతి గురువారం సాయంత్రం వెనక గదిలో కూర్చుని ఒకే పుస్తకాన్ని వంతులవారీగా పైకి చదువుకున్నారు.

ఆ పుస్తకం రాసింది మేడం మేనత్త. టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఆ ఒక్క నవల రాసింది. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఈ నలభై ఏళ్ళలో "మీ నవల చదివానండీ" అని ఆమెతో అన్నది అచ్చు తప్పులు దిద్దిన ప్రెస్సు మనిషి ఒక్కడే. అలాంటిది తొమ్మిది మంది చదివారు, పూర్తి చేశారు, చివర్లో ఏడ్చారు. ఆ ఆఖరి గురువారం మేడం ముందు గదిలో పనిలో ఉండి ముగింపు వినలేదు. రచయిత్రిని చూడాలని పట్టుబట్టారు. వచ్చే గురువారానికి మేడం సరేనంది. అత్తయ్య కబురు వినగానే కళ్ళజోడు అద్దాలు మార్పించుకుంది.

సభలో నాలుగు మాటలు మాట్లాడాలి కదా అని మేడం, ఎప్పుడో పదిహేనేళ్ళప్పుడు చదివిన ఆ పుస్తకం చివరి పేజీలు తెరిచింది. తెరిచి చూస్తే అవి అత్తయ్య రాసినవి కావు.

ఇక్కడే మనం ఆవిణ్ణి వదిలేశాం.

అత్తయ్య నవలలో కథంతా చివరికి ఒక తలుపు దగ్గరికి వస్తుంది. నూట అరవయ్యో పేజీ ఆఖరి వాక్యం "పెద్దకోడలు తలుపు తీసి" అని ఆగుతుంది. అత్తయ్య అసలు పుస్తకంలో పేజీ తిప్పితే "కాసేపు వీధిని చూసి, మళ్ళీ వేసింది" అని ఉండాలి. పదిహేనేళ్ళప్పుడు ఆ వాక్యం చదివి మేడం రెండు రోజులు అత్తయ్యతో మాట్లాడలేదు కాబట్టి బాగా గుర్తు. ఇప్పుడు ఈ పుస్తకంలో పేజీ తిప్పితే "బయటికి నడిచింది" అని ఉంది.

నడిచింది, ఇంక తిరిగి రాలేదు. తొమ్మిది మంది ఏడ్చింది ఆ నడకకే.

పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మేడం కిందకి దిగి, వీధి దాటి, ఎదురుగా ఉన్న బైండింగ్ షాపుకు వెళ్ళింది. ఆ షాపు ఆవిడ భర్తది. లైబ్రరీ పుస్తకాలు చిరగడం వల్ల ఆయన ఇల్లు గడుస్తుందని, అందుకే పాఠకులకు పుస్తకం సుతారంగా పట్టుకోవడం ఆవిడ నేర్పదని ఊళ్ళో ఒక హాస్యం. ఆయన కుట్టుబల్ల ముందు కూర్చుని ఏదో రిజిస్టరు వీపుకు జిగురు పూస్తున్నాడు. మేడం పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

బైండరు పనిలో ఒక పద్ధతి ఉంది. పుస్తకం అచ్చయ్యేటప్పుడు పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి పడతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. ఫారం మొదటి పేజీ అడుగున చీమ తలంత అంకె ఉంటుంది. విడిపోయిన పుస్తకాన్ని మళ్ళీ కుట్టేటప్పుడు బైండరు చూసేది ఆ అంకెనే. ఒకటి, రెండు, మూడు అని పేర్చుకుంటూ పోతాడు. అక్షరాల జోలికి పోడు. మేడం భర్త ముప్పై ఏళ్ళుగా ఈ నియమం తప్పలేదు. వేల పుస్తకాలు కుట్టాడు, ఒక్కటీ చదవలేదు. ఎందుకు చదవవని అడిగితే, చదివితే చెయ్యి ఆగుతుందోయ్ అనేవాడు. దాన్ని ఆయన గొప్పగానే చెప్పుకునేవాడు, ఆవిడా నవ్వేది. ఆ వేళ నవ్వలేదు.

"పది తర్వాత పదకొండు పెట్టాను. అంతకంటే ఏ బైండరైనా ఏం చేస్తాడు?" అన్నాడాయన.

"ఏ పుస్తకంలో పదకొండు?"

ఆయన బ్రష్షు గిన్నెలో పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట ఆ బీరువాలోంచి రెండు పుస్తకాలు ఒకే సంచిలో వచ్చాయి. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయినవి, ఒకే అక్షరాలు, ఒకే రకం కాగితం, పసుపు కూడా ఒకే పసుపు. రెండింటికీ పదకొండేసి ఫారాలు. రెండింటికీ ఆఖరి ఫారమే ఊడింది. పుస్తకంలో ముందు ఊడేది ఎప్పుడూ అదే. బల్ల మీద రెండు పదకొండులు పక్కపక్కన ఉన్నాయి. ఆయన చెయ్యి అటుది ఇటు, ఇటుది అటు పెట్టింది.

రెండోది ఒక లెక్కల మాస్టారి నవల. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అందులోనూ నాయిక పెద్దకోడలే. ఆ రోజుల్లో ఇంట్లో కోడళ్ళను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, నవలల్లో మాత్రం ఎందుకు పిలుస్తారు? మేడం ఆ పుస్తకం కూడా తెచ్చి చూసింది. నూట అరవయ్యో పేజీలో మాస్టారి పెద్దకోడలు "చెప్పులు వేసుకుని" అని ఆగింది. పేజీ తిప్పితే "కాసేపు వీధిని చూసి, మళ్ళీ వేసింది." చెప్పులు వేసుకున్నాక మళ్ళీ ఏం వేసిందో ఆ భగవంతుడికి తెలియాలి. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే ఆ పుస్తకం ఎంతమంది చదివారో తెలుస్తూనే ఉంది.

బైండరు మొహం చిన్నబోయింది. కుట్లు విప్పి గంటలో సరిచేస్తానన్నాడు. ఎవరికీ తెలియదు, కుట్టు ఆనవాలు కూడా కనబడనివ్వనన్నాడు. ఆ మాట నిజమే, ఆయన చేతిపని అలాంటిది. మేడం ఒక్క నిమిషం ఆశపడింది కూడా. పుస్తకంలోంచి ఫారం తీసేయొచ్చు సరే, తొమ్మిది మంది గుండెల్లో పడ్డ కుట్లు ఎవరు విప్పుతారు?

"ముట్టుకోకండి. ముందు అత్తయ్యకు చెప్పాలి" అంది.

బుధవారం మధ్యాహ్నం మేడం వెళ్ళేసరికి అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని పరీక్షకు చదువుతోంది. నిజంగానే. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు పద్నాలుగు ప్రశ్నలు రాసుకుంది, పిల్లలు అడగబోయేవి. ప్రతి ప్రశ్న కిందా జవాబు. మీకు ప్రేరణ ఎవరు అన్నదానికి "తీరిక లేకపోవడం" అని రాసింది. మరి మళ్ళీ ఎందుకు రాయలేదు అన్నదానికి "తీరిక దొరకడం" అని రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాసింది. ముగింపు గురించి చెప్పండి అన్న ప్రశ్న కింద మాత్రం నాలుగు గీతల ఖాళీ వదిలింది.

ఆవిడ మేనకోడల్ని చూడగానే కొత్త కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, ఏది బాగుందని అడిగింది. పెట్టుకుంటేనే బాగుందంది మేడం. పెట్టుకుంటే పిల్లల మొహాలు కనబడతాయి కదా, అది మంచిదా కాదా అని ఆలోచిస్తున్నానంది అత్తయ్య. అలా పావుగంట గడిచింది. మేడం చెప్పాలనుకున్న మాటకు దారి దొరక్క, టీ బాగుందని రెండుసార్లు చెప్పింది. టీ ఇంకా పెట్టలేదు.

"ఏమే, ప్రోగ్రాం రద్దయిందా?" అంది అత్తయ్య.

మేడం అప్పుడు చెప్పేసింది. అంతా ఒక్క ఊపిరిలో. ఫారాలు, అంకె, ఆయన అలవాటు, మాస్టారు, తలుపు. చెప్పి, తల వంచుకుంది.

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత ఎన్ని పేజీలు మారాయని అడిగింది. పదహారని చెప్పింది మేడం. అయితే నూట అరవై నావే కదా అని, ఆ నూట అరవైకీ వాళ్ళు ఏమన్నా అన్నారా అని అడిగింది. నవ్వారని, చాలాచోట్ల నవ్వారని మేడం చెప్పింది. ఎక్స్చేంజీలో ఇద్దరు ఆపరేటర్లు లైన్లో పోట్లాడుకునే ఘట్టాన్ని ఒక అబ్బాయి రెండు గొంతులతో చదివితే పక్క గదిలో పరీక్షకు చదివేవాళ్ళు కూడా వచ్చి విన్నారంది. అత్తయ్య ఆ అబ్బాయి ఎవరని అడిగింది. చెవుల్లో ఎప్పుడూ వైర్లు పెట్టుకుని ఉంటాడు, అందరూ ఇయర్‌ఫోన్ అంటారని చెప్పింది మేడం.

"ఏడ్చింది మాత్రం మాస్టారికి," అంది అత్తయ్య.

మేడం సంచిలోంచి పుస్తకం తీసింది.

ఆ పదహారు పేజీలు చదవమంది అత్తయ్య. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ముప్పై ఏళ్ళు లైన్లు విన్న మనిషి విన్నట్టే వింది. మాస్టారి పెద్దకోడలు బయటికి నడిచి, బస్సెక్కి, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో దిగి, ఒక లాండ్రీలో పనికి కుదురుతుంది. ఏడాది తర్వాత ఇంటికి ఉత్తరం రాస్తుంది. క్షమించమని కాదు, తన కత్తెర పంపమని. మొదట్లో అత్తయ్య మధ్యమధ్య ఆపి వంకలు పెట్టింది. సోడా నీళ్ళల్లో నానిన చేతులు అలా ఉండవు, మాస్టారు జన్మలో బట్టలుతికి ఉండడంది. లాండ్రీకి మధ్యాహ్నం సెలవిచ్చే యజమాని ఎక్కడుంటాడంది. పదో పేజీ తర్వాత వంకలు ఆగిపోయాయి. కత్తెర దగ్గరికి వచ్చేసరికి చెవి దగ్గర చెయ్యి కిందకి దిగింది.

"బాగా రాశాడు" అంది. ప్రెస్సు దగ్గర ఎదురుపడేవాడట. నమస్కారమంటే నమస్కారమనేవాడు, తలెత్తి చూసేవాడు కాదు. ఇంత ధైర్యం జేబులో పెట్టుకుని తిరిగాడా అని ఆశ్చర్యపోయింది.

మేడం ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగింది. "నువ్వెందుకు తలుపు వేయించావు అత్తయ్యా?"

"నేను వెళ్ళని చోటికి దాన్నెలా పంపనే? అసూయ అనుకో."

ఆ తర్వాత అత్తయ్య క్యాలెండరు కాగితాలు సర్ది, అంచులు సమంగా కొట్టింది. నలభై ఏళ్ళకి తొమ్మిది మంది వచ్చారు కదా అంది. వాళ్ళు మెచ్చుకున్నది నాది కాదని చెప్తే లేచి వెళ్ళిపోతారు, చెప్పకపోతే నేను కూర్చోలేను అంది. గొంతు మామూలుగానే ఉంది. కాగితాల అంచులు మాత్రం అప్పటికే సమంగా ఉన్నవి, ఇంకా కొడుతూనే ఉంది. మేడం ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. చెప్పొద్దు అత్తయ్యా, ఈ ఒక్క సాయంత్రం ఉండనీ అనబోయింది. బీరువా గుర్తొచ్చింది, నెలాఖరు గుర్తొచ్చింది. ఆ మాట అత్తయ్య కోసమో బీరువా కోసమో తనకే తేలక మానేసింది.

గురువారం వెనక గదిలో పద్నాలుగు కుర్చీలు వేశారు, చాలలేదు. పరీక్షల గైడ్ల వాళ్ళు కూడా కొందరు వచ్చి గోడకు ఆనుకున్నారు. అత్తయ్యను కొడుకు తీసుకొచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మందుల షాపు నడుపుతాడు. తల్లి రాసిన పుస్తకం ఆయన చదవలేదు. ఇంట్లోనే ఉందిగా, ఎప్పుడైనా చదవొచ్చనుకుంటూ నలభై ఏళ్ళు గడిపాడు. అందరూ అలాగే గడుపుతారు, ఆయన్ని అనడానికి లేదు. తల్లిని కూర్చోబెట్టి, తను వెళ్ళి పేపర్ల స్టాండు దగ్గర నిలబడి ఒక పేపరు విప్పుకున్నాడు. బైండరు గుమ్మం దగ్గర, లోపలికీ రాక బయటికీ పోక నిలబడ్డాడు.

మొదటి ప్రశ్న ఎవరు అడుగుతారో అందరికీ తెలుసు. ఆ గుంపులో ఒక అమ్మాయి ఉంది. పుస్తకంలో కామా పెట్టినా ఎందుకండీ అని అడుగుతుంది కాబట్టి అందరూ ఆమెను "ఎందుకండీ" అనే పిలుస్తారు. మాస్టారి ముగింపు పైకి చదివింది ఆమే. చదివేటప్పుడు మధ్యలో ఏడుపొచ్చి ఆగితే ఇయర్‌ఫోన్ అందుకుని పూర్తిచేశాడు.

ఎందుకండీ లేచి నిలబడింది. "ఆ రోజుల్లో ఆమెను బయటికి పంపడానికి మీకు అంత ధైర్యం ఎలా వచ్చిందండీ?"

అత్తయ్య చేతిలోని కాగితాలు చూసుకుంది. నాలుగు గీతల ఖాళీ. కొత్త కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పంపలేదమ్మా. ఆ పేజీలు నావి కావు."

అత్తయ్య నెమ్మదిగా, వంకర లేకుండా, జరిగిందంతా చెప్పింది. మాస్టారి గురించి చెప్పింది, ఆయన బాగా రాశాడని కూడా చెప్పింది. గుమ్మం దగ్గర బైండరు గొంతు సవరించుకుని తప్పు తనదని, రెండు పుస్తకాల్లో ఏదో ఒకటి చదివి ఉంటే ఇలా జరిగేది కాదని అన్నాడు. ముప్పై ఏళ్ళ గొప్పతనాన్ని ఆయన అలా గుమ్మంలోనే వదిలేశాడు. మేడంకు ఆయన అంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు, మధ్యలో పద్నాలుగు కుర్చీలున్నా.

ఎందుకండీ ఇంకా నిలబడే ఉంది. "అయితే మేం ఏడ్చింది ఎవరి కోసం?"

"ఆమె కోసమే. నా నూట అరవై పేజీల్లో మీతో తిరిగిన మనిషి కోసమే" అంది అత్తయ్య. "మరి నా ఆఖరి పదహారూ వింటారా, చాలంటారా?"

ఎవరూ చాలనలేదు. మేడం మాస్టారి పుస్తకం తెరిచి, నూట అరవై ఒకటో పేజీ తీసి ఎందుకండీ చేతికిచ్చింది. అమ్మాయి నిలబడే చదివింది.

"కాసేపు వీధిని చూసి, మళ్ళీ వేసింది. లోపల గిన్నె మూత కదులుతోంది. పిల్లవాడు నిద్రలో అటు తిరిగాడు. ఆమె వెళ్ళి వాడి దుప్పటి సర్దింది."

అక్కడ ఆగిపోయింది. పుస్తకం మూసింది. "నాకిది వద్దండీ. ఇంత కథ నడిపించి, తలుపు దాకా తీసుకొచ్చి, దుప్పటి సర్దించారా?"

మాట పదునుగానే ఉంది. అత్తయ్య దాన్ని కాదనలేదు. పదిహేనేళ్ళప్పుడు తను రెండు రోజులు మాట్లాడకుండా దాచుకున్న కోపం ఇదేనని, అత్తయ్య ముందు పెట్టడానికి ఇంకొకరు రావలసి వచ్చిందని మేడం అనుకుంది.

అప్పుడు వెనక వరసలో ఇయర్‌ఫోన్ చెవుల్లోంచి వైర్లు తీశాడు. ఆ గదిలో ఎవరూ అంతకు ముందు ఆ దృశ్యం చూడలేదు. నాకిదే నిజంలా ఉంది అన్నాడు. "మా అమ్మ రోజూ ఇలాగే తలుపు తీసి చూస్తుంది. నా కోసం చూస్తోందనుకునేవాణ్ణి. నేను ఇంట్లో ఉన్నప్పుడు కూడా చూస్తుంది."

కొంతమంది తలలు దించుకున్నారు. బహుశా అందరూ వాళ్ళ వాళ్ళ ఇంటి తలుపులు గుర్తుచేసుకుంటున్నారు. ఎవరూ లేచి వెళ్ళలేదని మేడం అప్పుడు గమనించింది. పైగా గోడకు ఆనుకున్నవాళ్ళలో ఒకడు, మాస్టారి పుస్తకం మొదటి నుంచి చదవాలంటే కార్డు కావాలా అని మెల్లగా అడిగాడు. ఇంకో సమయంలో అయితే మేడం ఆ కుర్రాడి నుదుటి మీద ముద్దు పెట్టేదే. ఇప్పుడు ఆవిడ చూపు అత్తయ్య మీదే ఉంది.

"వేసిందని రాశాను" అంది అత్తయ్య ఎందుకండీతో. "గడియ పెట్టిందని రాయలేదు. చూసుకో."

ఎందుకండీ పుస్తకం తెరిచి చూసుకుంది. గడియ లేదు. ఏ పేజీలోనూ లేదు. అత్తయ్య ఆ సందును నలభై ఏళ్ళు అలాగే ఉంచింది, వేలు పెట్టి చూపమన్నవాళ్ళు లేక. కానీ అమ్మాయి మెత్తబడలేదు. గడియ పెట్టకపోతే ఏంటండీ, వెళ్ళలేదుగా అంది. ఆ మాట చివర గొంతు వణికింది. అది నవల గురించి వణికే గొంతు కాదని గదిలో అందరికంటే ముందు అత్తయ్యకు తెలిసింది.

"ఆమె వెళ్ళకపోతే నీకేం పోయిందే తల్లీ?"

ఎందుకండీ మడమతో దేన్నో వెనక్కి నెట్టింది. ఆమె కుర్చీ కింద ఒక సంచి ఉంది. లైబ్రరీకి పుస్తకం తెచ్చుకునే సంచి కాదు. నిండుగా, జిప్పు పట్టక పైన తాడు కట్టిన ప్రయాణపు సంచి. అత్తయ్య చూపు దాని మీద పడింది, అత్తయ్య చూపు వెంట అందరి చూపూ పడింది.

అప్పుడు చెప్పింది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట. పంపమని ఇంట్లో అడిగితే నాన్న వద్దన్నాడు, అమ్మ నాన్న వైపు చూసింది. మళ్ళీ అడగలేదు. పొద్దున ఉత్తరం రాసి దిండు కింద పెట్టి, లైబ్రరీకని చెప్పి బయల్దేరింది.

"ఆవిడ వెళ్ళగలిగింది కదా, నేనెందుకు వెళ్ళలేను అనుకున్నానండీ. ఆ పేజీ నోటుబుక్కులో రాసుకుని వారం నుంచి అదే చదువుకున్నాను. ఇప్పుడు మీరొచ్చి ఆవిడ వెళ్ళనే లేదంటున్నారు."

మేడం కుర్చీ చేతిని పట్టుకుంది. మన ఊరి పుస్తకాలను పిల్లలు మనసుకు పట్టించుకోవాలని కోరుకుంది నిజమే. పట్టించుకుని బస్టాండుకు బయల్దేరతారని మాత్రం ఆవిడ పటంలో ఏ ఎర్రగుర్తూ పెట్టలేదు. ఆపాలా? ఆపితే ఏమని ఆపాలి? కుట్టు తప్పు పడింది, అందుకని నీ బతుకు మార్చుకో అనాలా?

"బస్సు ఎన్నింటికి?" అంది అత్తయ్య.

"ఐదున్నరకి."

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. బస్టాండు పది నిమిషాల నడక. అత్తయ్య గడియారం వైపు చూడలేదు. క్యాలెండరు కాగితాలు పద్నాలుగు ప్రశ్నలతో సహా పక్కన పెట్టేసి, తన ఎదుటి కుర్చీ చూపించింది.

"అయితే టైముంది, కూర్చో. నేను నిన్ను ఆపను. నా మాట పూర్తిగా విన్నాక కూడా వెళ్ళాలనిపిస్తే నేనే వచ్చి ఎక్కిస్తాను."

ఎందుకండీ కూర్చుంది. ఒళ్ళో మాస్టారి పుస్తకం, వేలు ఇంకా ఆ పేజీలోనే ఉంది.

"నేను కూడా ఒకసారి టికెట్టు తీసుకున్నాను" అంది అత్తయ్య. "బస్సెక్కాను. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను కూడా. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో పిల్లవాడు నిద్రపోతుంటే."

మేడం అత్తయ్య మొహం చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన మనిషి, ఏ పెళ్ళిలోనూ ఏ చావులోనూ ఈ మాట ఎవరి నోటా వినలేదు. గది వెనక పేపర్ల స్టాండు దగ్గర ఇంతసేపూ వినబడుతున్న కాగితాల చప్పుడు ఆగింది. అత్తయ్య కొడుకు పేపరు మడవకుండానే కిందకి దించాడు. ఆ నవల అచ్చయిన ఏడు ఆయనకు పదేళ్ళు.

"నేను నిద్రపోలేదమ్మా" అన్నాడాయన.